మాంసం కొట్టులో భోజనం

మేకను కోస్తే మెత్తటి మాంసం ముందు అమ్ముడుపోతుంది. తలకాయ, కాళ్లు, బోటి మిగులుతాయి. పాడైతే నష్టమే. అందుకే కొందరు కొట్టు పక్కనే పొయ్యి పెడతారు. కాళ్లతో పాయా, బోటితో కూర చేస్తారు. కైమాను బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టి ఇస్తారు. మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు. మంచి తెలివే!

కానీ పచ్చిమాంసం మీద కంటికి కనపడని క్రిములు ఉంటాయి. బాగా ఉడికిస్తే చస్తాయి. మాంసం కొట్టిన కత్తితోనే ఉల్లిపాయ కోస్తే? ఉల్లిపాయను పచ్చిగానే తింటారు కదా! వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. పచ్చిమాంసానికి ఒక కత్తి, ఒక మొద్దు ఉండాలి. వండినవాటికి వేరేవి ఉండాలి. మాంసం ముట్టిన చేతులు సబ్బుతో కడగాలి.

2006 నాటి చట్టం ప్రకారం ఇలాంటి కొట్టుకు ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ కాగితం అందరికీ కనపడేలా పెట్టాలి. దాని మీద 14 అంకెల నెంబరు ఉంటుంది. తినేముందు ఆ కాగితం చదవండి.