ఫలసంబంధములైన నానుడులు – అనువాద విచారము

ఆంగ్లమునుండి తెనుగు చేయు విద్యార్థికి వ్యాకరణము వలని చిక్కులకంటె పండ్ల వలని చిక్కులు ఎక్కువ. నానుడిలోని పండును పండుగనే దింపుట వాని అలవాటు. ఆంగ్లేయులు మిక్కిలి ప్రీతిపాత్రుడైన వానిని తమ 'కంటి ఆపిల్' అందురు. ఇట్లే తెనిగించినచో నవ్వు పుట్టును. నిజమునకు ఇచట పండే లేదు. కంటి నల్లగ్రుడ్డు గుండ్రని దగుటచే పూర్వాంగ్లమున దానికి ఆ పేరు కలిగినది. బైబిలు ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయమున ఈ నానుడి యున్నచోట హీబ్రూ మూలపదమునకు 'చిన్న మనిషి' యని అవయవార్థము చెప్పుదురు. లాటిన్ భాషలోని 'పుపిల్లా' చిన్న బాలిక. మన 'కనీనిక' బాలికకును కంటిపాపకును పేరు. తెలుగు 'కనుపాప'లోని పాప యెవరో చెప్పనక్కఱలేదు. ఎదుటివాని కంట మన ప్రతిబింబము చిన్నదై తోచుటయే ఇన్ని భాషల పలుకుబడికి మూలము. తెలుగు బైబిలు అనువాదకులు అచట 'కనుపాప' యనియే వ్రాసిరి. వారి భాషాజ్ఞానము మెచ్చదగినది.

'అందని ద్రాక్షపండ్లు పుల్లన' యనునది ఈసపు కథనుండి పాఠ్యపుస్తకముల మీదుగ వచ్చినది. గ్రీకు కథలోని నక్క నిందించినది పండ్ల పులుపును గాదు. అవి ఇంకను పచ్చికాయలే యన్నది. లాటిన్ పద్యములలో ఈ కథ చెప్పిన ఫేద్రుసు మాటయు అదియే. ఆంగ్లమున కాయకును పండునకును మనకువలె వేర్వేరు పదములు లేవు గావున, ఆ భాషలో పులుపు మాత్రమే మిగిలినది. రెండు పదములును గల మనము ఆంగ్లము వెంటబోయి పండ్లనే పుల్లన చేసితిమి. లోకమున నాటుకొన్న నానుడిని దిద్దబూనుట తగదు గాని, పాఠము చెప్పునపుడు ఈ భేదము చూపవలెను.

'క్రిందికి వ్రేలాడు పండు' అను ఆంగ్లోక్తి యిప్పుడు కార్యాలయములలో విరివిగ వాడబడుచున్నది. అల్పప్రయత్నమున సాధ్యమగు పని యని దాని భావము. కొందఱు దీనిని 'కరతలామలకము' అని వ్రాయుచున్నారు. ఇది పొరపాటు. అరచేతి యుసిరిక అన్ని వైపుల స్పష్టముగ గనబడును. ఆ న్యాయము జ్ఞానవిషయము, ఫలప్రాప్తి విషయము గాదు. 'అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్లు' అనునదియు బోధనా సౌలభ్యమును జెప్పునదే. ఇట్టిచోట 'సులభసాధ్యము' అని యూరకుండుట మేలు.

ఫలములతో గుణమును గొలుచుట మనకు క్రొత్త గాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో తొమ్మిది పాకములను జెప్పెను. అందు వంకాయ, దోసకాయ కూడ గలవు. ఓరుగంటి విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున ద్రాక్షా నారికేళములను గ్రహించెను. భారవి వాక్కును టెంకాయతో బోల్చిన మల్లినాథసూరియు మెతుకుసీమ వాడే.

అన్నిటికంటె విచారింపదగినది మేడిపండు. తెలుగువాడు పైమెఱుగు చూచి మోసపోవలదని పండును నిందించును. సంస్కృతమున 'ఉదుంబరమశకము' అని యున్నది. పాణిని 2-1-48 సూత్రమునకు చెందిన గణమున కూపమండూకముతో బాటు ఇది పఠింపబడినది. అచట నింద పండునకు గాదు, అందలి దోమకు. పండే లోకమనుకొనుట దాని దోషము. ఒకే చెట్టు, ఒకే పండు, నింద మాత్రము వేఱు. వృక్షశాస్త్రజ్ఞుల మాట ఈ రెంటికిని భిన్నము. మేడి పూలు కాయ లోపలనే యుండును. కందిరీగ జాతి చిఱుకీటకము లోనికి దూఱి పరాగము చేర్చినగాని గింజ కట్టదు. పురుగు లేని మేడికి సంతతియే లేదు. అనువాదకుడు 'క్రుళ్ళిన ఆపిల్' అను ఆంగ్లోక్తికి మేడిపండును ఎదురు పెట్టునపుడు ఇది గమనింపవలెను. క్రుళ్ళిన ఆపిల్ బుట్టలోని తక్కినవానిని చెఱచును. మేడిపండు తన పైతోలుతో చూపఱిని మాత్రమే మోసగించును. రెండును సమానములు గావు.

మా బోయినపల్లి ప్రాంతమున మేడి వాగుల యొడ్డుల పెరుగు చెట్టు. మధ్య మానేరు జలాశయము క్రింద కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి మునిగినవి. వానితో వాగుల యొడ్లును నీట గలిసినవి. పునరావాస గ్రామములనుండి వచ్చు బాలురకు ఉదుంబరమశకమును బోధింపబూనిన ఉపాధ్యాయుడు సమాసము విప్పుటకు ముందు చెట్టును వర్ణింపవలసి వచ్చుచున్నది. 'మేడిపండు' అన్నచో పద్యము అప్పజెప్పుదురు. పండును చీల్చి చూచినవారు తరగతిలో ఒకరిద్దఱు గూడ నుండరు. నిఘంటువున 'ఒక వృక్షవిశేషము' అని యుండుట వారికి చాలదు. కాయ పరిమాణము, మ్రానుకే గుత్తులుగ గాయుట, లోపలి పూవులు, పురుగు – ఈ నాలుగును న్యాయకోశములలో ఆ యా పదముల క్రింద చేరవలెను. ఎఱిగినవారు ఉన్నప్పుడే ఆ పని జరుగవలెను.