కోర్గీ మన ఇంటికి తగునా?

2022 సెప్టెంబరు 19వ తేదీన బ్రిటన్ రాణి రెండవ ఎలిజబెత్ అంత్యక్రియలు జరిగినవి. ఆ దినమున విండ్సర్ కోట ప్రాంగణములో శవపేటిక రాకకై వేచియున్న రెండు పొట్టి కుక్కలను లోకమంతయు టెలివిజనులో చూచినది. నక్క మోము, నిక్కిన చెవులు, బారైన నడుము, జానెడు కాళ్లు. ఆ జాతి పేరు కోర్గీ. చూచిన పిల్లలెవరైనను అటువంటి కుక్క తమకు కావలెనని కోరుటలో వింత లేదు.

కొంతకాలము క్రిందట మా కళాశాల పూర్వ విద్యార్థి యొకడు మా యింటికి వచ్చి, “సార్, పిల్లలు కోర్గీ కావాలని ఒకటే పట్టు పట్టారు. తేవచ్చునంటారా?” అని అడిగినాడు. భార్యాభర్తలిరువురును ఉద్యోగస్థులు. పదేండ్ల లోపు పిల్లలు ఇద్దరు. ఐదు పూటల నమాజు తప్పని వృద్ధమాత. టోలీచౌకీలో లిఫ్టు లేని భవనమున మూడవ అంతస్తు నివాసము. ఈ నాలుగు సంగతులును తెలిసిన పిమ్మట ‘తేవచ్చును’, ‘తేరాదు’ అని ఒక్క మాటలో చెప్పుట నాకు సాధ్యము కాలేదు. నాడు చెప్పినదియు, చెప్ప మరచినదియు చేర్చి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

కుక్కను ఎన్నుకొనువారు మొదట చూచునది దాని రూపము. చూడవలసినది దాని వృత్తి. కోర్గీ జన్మస్థానము వేల్స్ దేశము. వెల్ష్ భాషలో ‘కోర్’ అనగా మరుగుజ్జు, ‘కీ’ అనగా కుక్క. సమాసములో ‘కీ’ అనునది ‘గీ’ అగును. మన వ్యాకరణములోని గసడదవాదేశము తెలిసినవారికి ఇది వింతగా తోచదు. వీనిలో పెంబ్రోక్, కార్డిగన్ అను రెండు శాఖలు కలవు. 1934లో బ్రిటన్ కెనెల్ క్లబ్బు వీనిని వేర్వేరు జాతులుగా విభజించినది. కార్డిగన్ కొంచెము పెద్దది, పొడవైన తోక గలది. రాణిగారి వద్దనున్నవి పెంబ్రోక్ కోర్గీలు. మన దేశమున కోర్గీ యనిన సామాన్యముగా పెంబ్రోకే. దాని ఎత్తు భుజము వద్ద 25 నుండి 30 సెంటీమీటర్లు, బరువు 10 నుండి 14 కిలోలు.

ఈ పొట్టి జంతువు అలంకారము కొరకు పుట్టినది కాదు. పశువులను తోలుట దీని పని. మందవెనుక పరుగెత్తుచు, ఆవు మడమను పంటితో తాకి ముందుకు నడిపించును. ఆవు వెనుదన్నినప్పుడు నేలకు కరచుకొనును, డెక్క దాని తలపైగా పోవును. కాళ్లు పొట్టివగుటలోని ప్రయోజనమిదియే. 2009లో ప్రకటితమైన జన్యు పరిశోధన ననుసరించి, కోర్గీ, డాక్సుండ్ మొదలగు కురచకాళ్ల జాతులన్నిటిలోను ఎఫ్‌జిఎఫ్4 అను ఒకే జన్యువు యొక్క అదనపు ప్రతి ఈ లక్షణమునకు కారణము. ఎముకల చివరనుండు మృదులాస్థి ముందుగానే గట్టిపడుటచే కాళ్లు ఎదుగక నిలిచిపోవును. మొండెము మాత్రము మామూలుగా పెరుగును. కనుక కోర్గీ చిన్న కుక్క కాదు, కాళ్లు తగ్గిన మధ్యరకపు కుక్క. దాని ఆకలి, బలము, గొంతు, పట్టుదల అన్నియు మధ్యరకపు కుక్కవే. చాలామంది పొరబడునది ఇచ్చటనే.

ఇట్టి జంతువును ఇంటికి తెచ్చినచో తోలుటకు దానికి ఆవులుండవు, పిల్లలుందురు. పిల్లలు వసారాలో పరుగెత్తగనే అది వెంటబడి మడమలను అందుకొనును. ఇది కోపము కాదు, కసి కాదు. తరతరాలుగా రక్తములో నున్న పని. కాని ఐదేండ్ల పిల్లకు ఆ భేదము తెలియదు. పన్ను దిగినచో తల్లికిని తెలియదు. కుక్క చిన్నదిగా నున్నప్పుడే మాన్పించిన ఈ అలవాటు చాలవరకు తగ్గును. పరుగెత్తు పిల్లవాడు నిలిచిపోవుట, కుక్క కూర్చున్న వెంటనే దానికి తినుటకేదైన ఇచ్చుట, ఈ రెండింటిని ఓపికతో నెలల తరబడి సాగించవలెను. కొట్టుట వలన ప్రయోజనము లేదు. కోర్గీ మిక్కిలి తెలివైన కుక్క. స్టాన్లీ కోరెన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1994లో ప్రకటించిన పట్టికలో పెంబ్రోక్‌కు 11వ స్థానము లభించినది. అయితే తెలివైన కుక్క మనము నేర్పినది ఎంత త్వరగా నేర్చునో, నేర్పనిదియు అంత త్వరగా నేర్చును.

రాజభవనపు కోర్గీలును ఇందుకు మినహాయింపు కావు. 1933లో డూకీ అను కోర్గీ ఆ కుటుంబమున ప్రవేశించినది. 1944లో పదునెనిమిదవ పుట్టినరోజున ఎలిజబెత్‌కు సూసన్ అనునది కానుకగా లభించినది. అటుపిమ్మటి రాజభవనపు కోర్గీలలో చాలవరకు దాని సంతతియే. ఆ సూసన్ ఒకమారు గడియారములకు తాళమిచ్చు ఉద్యోగి కాలిని కరచినది. 1991లో తన కుక్కల కొట్లాటను విడదీయబోయి రాణిగారే ఎడమచేతికి మూడు కుట్లు వేయించుకొనవలసి వచ్చినది. నౌకర్లు, వైశాల్యము, తీరిక అన్నియు నున్న చోటనే ఈ గతి. మూడు గదుల ఇంటిలో ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

ఎండను గురించి కొంత విపులముగా చెప్పవలసి యున్నది. కోర్గీకి రెండు పొరల బొచ్చు కలదు. లోపలిది ఒత్తుగా నుండి చలిని ఆపును, పైది వానను ఆపును. వేల్స్ వాతావరణమునకు తగిన కంబళి అది. ఏడాదికి రెండుమార్లు లోపొర గుత్తులుగా ఊడును. తక్కిన దినములలోను రాలుట మానదు. జానమాజు మీద, దుప్పట్ల మీద, అన్నము మీద కూడ. వారమునకు మూడు నాలుగు పర్యాయములు దువ్వువారు లేనిచో, ఇంటిలో ఉబ్బసము గలవారున్నచో, ఆలోచన ఇచ్చటనే మానుకొనుట మేలు. వేసవిలో బొచ్చును నున్నగా గొరిగించుటయు తగదు. ఆ పొరలు ఎండనుండియు చర్మమును కొంత కాపాడును. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పట్టదు. పాదముల అడుగున కొద్దిగా పట్టును. వేడిని పోగొట్టుకొనుటకు ముఖ్యమైన మార్గము రొప్పుటయే. గాలిలో తేమ హెచ్చినకొలది ఆ మార్గమును మూసుకొనిపోవును. ఆరోగ్యముగా నున్న కుక్క ఉష్ణోగ్రత 38.5 డిగ్రీల ప్రాంతముననుండును. అది 41 దాటినచో ప్రాణాపాయము. ఏప్రిల్, మే మాసములలో మన నగరమున ఎండ 40 డిగ్రీలు దాటుట ఏటేట జరుగునదే. కోస్తాలో తేమ అంతకన్న ప్రమాదకరము. ఆ రోజులలో సూర్యోదయమునకు ముందు, రాత్రి నేల చల్లారిన పిమ్మట మాత్రమే దానిని త్రిప్పవలెను. అరచేతి వెనుకభాగమును రోడ్డు మీద ఐదు సెకనులు ఆనించలేకపోయినచో ఆ రోడ్డు కుక్క పాదములకును పనికిరాదు. విద్యుత్తు పోయిన మధ్యాహ్నము, ఇంటిలో ఎవరును లేని వేళ, దాని స్థితి యేమి? ఉద్యోగస్థులైన దంపతులు ఈ ప్రశ్నకు నిజమైన సమాధానము చెప్పుకొనవలెను.

తరువాతిది వెన్నెముక. పొడవైన నడుము, పొట్టి కాళ్లు గల ఈ జాతులలో వెన్నుపూసల నడుమ నుండు మెత్తని బిళ్లలు త్వరగా గట్టిపడి, జారి, నరములను నొక్కుట తరచు చూచెదము. మెట్లు దూకుట, మంచముపై నుండి దుముకుట, స్థూలకాయము, ఈ మూడును దానికి శత్రువులు. లిఫ్టు లేని మూడవ అంతస్తు అనగా రోజుకు రెండు మూడు మార్లు 12 కిలోల జంతువును ఎత్తుకొని మెట్లు దిగుట, ఎక్కుట. దిగునపుడు ఎత్తుకొనుట మరింత ముఖ్యము. కోర్గీ తిండిపోతు. పిల్లలు తలకొక బిస్కత్తు, నానమ్మ ఒక రొట్టెముక్క పెట్టినను నెల తిరుగక మునుపే పొట్ట నేలకు ఆనును. ఇది గాక, వయసు మళ్లిన కోర్గీలలో కొన్నిటికి వెనుక కాళ్లు క్రమముగా చచ్చుబడు వ్యాధి వచ్చును. నొప్పి ఉండదు, నివారణయు లేదు. దీనితో సంబంధమున్న ఎస్‌ఓడి1 జన్యుదోషము 2009లోనే బయటపడినది. తల్లిదండ్రులకు ఆ పరీక్ష చేయించినారా అని అమ్మకందారును అడుగవలెను. అడిగినందుకు నవ్వినవాని వద్ద కొనరాదు. కుక్కల పెంపకము, విక్రయములపై 2017లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. తల్లిని చూపని చోటను కొనకుండుట మంచిది.

ఇక ఈ సంచిక పాఠకులలో అనేకుల ఇండ్ల మొదట లేచు ప్రశ్న. నేను జంతుశాస్త్రము బోధించువాడను, మౌల్వీని కాను. అయినను పెద్దల వలన తెలిసికొన్నంత చెప్పెదను. వేటకు, మందకాపునకు, సేద్యమునకు కుక్కను ఉంచుకొనుటను హదీసులు అనుమతించినవి. ఆ అవసరము లేక పెంచువాని పుణ్యము ప్రతిదినము కొంత తరుగునని చెప్పినవి. కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుమార్లు, అందొకమారు మట్టితో, కడుగవలెననుటయు అందున్నదే. షాఫయీ పంథాలో కుక్క ఒడలంతయు అపవిత్రము. హనఫీ పంథాలో ప్రధానమైన అభిప్రాయము ప్రకారము లాలాజలము అపవిత్రము గాని పొడి బొచ్చు కాదు. మాలికీ పంథాలో కుక్క పవిత్రమే. మన నగరమున హనఫీలు ఎక్కువ, బార్కస్ ప్రాంతపు హద్రమీ వంశీయులు షాఫయీలు. కనుక ఒక వీధిలో నడచినది మరియొక వీధిలో నడువకపోవచ్చును. కోర్గీ పశువుల కాపరి జాతియే కదా యని యువకులు వాదించుట విన్నాను. అనుమతి చేయు పనికి గాని వంశమునకు కాదు. మూడవ అంతస్తులోని కోర్గీ ఏ మందను కాచును? అట్లని మతము కుక్కను ద్వేషించుమనినదనుటయు సరికాదు. గుహావాసుల గడపలో ముందుకాళ్లు చాచి పండుకొనిన కుక్కను ఖురాను స్మరించినది. దప్పిగొన్న కుక్కకు నీరిచ్చినవాని పాపములు మన్నింపబడినవని హదీసు కలదు. ఏమైనను, నమాజు చేయు వృద్ధురాలి గదికి, వంటయింటికి కుక్క పోకుండ పన్నెండేండ్లు కాపలా కాయగల ఇల్లేనా మనది యని యోచింపవలెను. ఆమె అంగీకారము లేక తెచ్చినచో బాధపడునది ఆమె ఒక్కతెయే కాదు. ఆ ఇంట ప్రతి గడప వద్దను తరిమివేయబడు కుక్కయు బాధపడును. జనము నడుమ నుండగోరు జాతి అది.

వీనికన్నిటికి తట్టుకొనగలవారికి కోర్గీ చక్కని తోడు. క్రింది అంతస్తు, చిన్న పెరడు, పగలంతయు ఇంటనుండు మనిషి యొకరు, ఎనిమిదేండ్లు దాటిన పిల్లలు, రోజుకు ఒక గంట నడక. ఇవి యున్న ఇంట అది పన్నెండు పదమూడేండ్లు హాయిగా బ్రతుకును. దాని అరుపు మాత్రము పొరుగువారు భరింపవలెను. రేబీసు టీకా మూడు మాసముల వయసున వేయించి పిమ్మట ఏటేట తప్పక కొనసాగించవలెనని, ఏ కుక్క కరచినను గాయమును సబ్బునీటితో పదిహేను నిమిషములు కడిగి వెంటనే వైద్యుని చూడవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

కుక్కయే కావలెను గాని కోర్గీయే కానక్కరలేదనువారికి మన నేలపై పుట్టినవి లేకపోలేదు. కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను కాచిన జోనంగి కలదు. పొట్టి బొచ్చు, ఎండకు ఓర్చు దేహము. అదియు కాపరి జాతియే, దానికిని పరుగు కావలెను. వీధికుక్క పిల్లను చేరదీసి టీకాలు వేయించి పెంచిన ఇండ్లును నేనెరుగుదును. వాని వెన్నునకు, బొచ్చునకు ఈ చిక్కులు లేవు.

ఆ విద్యార్థి ఇంట ఈ విషయమై మూడు నాలుగు రాత్రులు చర్చ సాగినదట. పిల్లలు ఏడ్చినారు. చివరకు క్రింది అంతస్తున ఇల్లు దొరకువరకు కోర్గీ మాట ఎత్తరాదని తీర్మానించుకొన్నారు. వారి భవనము గేటు వద్ద ఒక వీధికుక్క నాలుగు పిల్లలను పెట్టినది. వాని కొరకు ఒక మట్టిమూకుడు కొనిపించి, ఉదయము మనుమల చేత అందులో నీరు పోయించుచున్నది ఆ నానమ్మయేనని మొన్న అతడు చెప్పినాడు.