ఓఢ్రభాషలోని మర్యాదపలుకులు

పలాస, మందస, ఇచ్ఛాపురముల మీదుగా నుత్తరమునకు బోవు తెలుగువారికి ఓఢ్రభాష చెవిని బడక మానదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా వేఱు రాష్ట్రమై పర్లాకిమిడి పట్టణము దానిలో జేరెను. టెక్కలి, పలాసలును ఉద్దానపు తీరమును ఇవతలనే నిలిచినవి. రెండుభాషలును నేటికిని సంతలలో గలిసియే వినబడుచున్నవి.

తత్సమములు తెలిసిన పండితుడు ఓఢ్రము తనకు సుగమమని తలచును. చిక్కంతయు నచ్చటనే యున్నది. ఎవరైన దన్ను 'ఆపణ' యని సంబోధించినచో అంగడి యని భ్రమించును. సంస్కృతమున ఆపణ మంగడియే. ఈ సర్వనామము మాత్రము ఆత్మశబ్దమునుండి ప్రాకృతపు 'అప్పణ' ద్వారమున వచ్చినది. మన 'మీరు'నకు సమానము. చనువున 'తు', సమానులయెడ 'తుమే', పూజ్యులయెడ 'ఆపణ'. పెద్దలను గూర్చుండు డనుటకు 'బసంతు' అనవలెను. వట్టి 'బస' చాలదు. తెలుగున రెండంతస్తులే గనుక మనవారు తఱచుగా నడిమిదానితో దృప్తిపడుదురు. అది పొరబాటు.

'ఆజ్ఞా' యనునది మఱియు విచిత్రము. 'ఆగ్యాఁ' యని పలుకబడు నీమాట శాసనము గాదు; పిలిచినవారికి వినయముగా నిచ్చు బదులు. మన 'చిత్తము' మనస్సును జెప్పనట్లే యిదియును. అకారమును ఒకారమునకు దగ్గఱగా బలుకుటచే జగన్నాథుడు 'జొగొన్నాథొ' యగుటయు నెఱుగవలెను.

సెలవు గైకొనునపుడు పోవుచున్నా నని యనరు. 'ఆసుఛి', వచ్చుచున్నాను, అందురు. మన 'పోయివత్తును'లోని వచ్చుట యిచ్చట నొంటిగా నిలిచినది. ఈమాట పలికి గడప దాటిన యతిథికై దీపమార్పక వేచియుండ నక్కఱలేదు.