లయ తప్పిన గుండె, దానిని వెదకెడి వైద్యుడు

తిరువూరు ప్రాంతమున నడివయసు దాటినవారిని గుండె దడను గూర్చి అడిగినచో, "అప్పుడప్పుడూ వస్తుందండీ, గ్యాసే అయ్యుంటుంది" అను సమాధానము తరచుగా వినవచ్చును. మాత్ర మ్రింగి, మజ్జిగ త్రాగి, కాసేపు మంచముపై వాలినంతనే దడ తగ్గును. తగ్గినది గనుక గ్యాసే యను నమ్మకము స్థిరపడును. వారము దినముల పిమ్మట, డెబ్బది కిలోమీటర్లకు పైబడి ప్రయాణము చేసి విజయవాడ చేరి ఇ.సి.జి. తీయించుకొన్నను, కాగితముపై గీతలన్నియు సక్రమముగనే యుండును. దొంగ వెడలిపోయిన పిదప జాడ తీయవలసివచ్చుటయే హృదయలయా వైద్యుని వృత్తిలోని ప్రధానక్లేశము. కావుననే దడ పుట్టిన క్షణముననే దగ్గరలో ఏ యంత్రమున్న దానిపై ఇ.సి.జి. తీయించుకొనుట పది పరీక్షల పెట్టు.

హృదయము కొట్టుకొనుటకు మెదడు ఆజ్ఞకై ఎదురుచూడదు. కుడి కర్ణిక పైభాగమున, 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞులు వర్ణించిన చిన్న కణుపు, విశ్రాంతివేళ నిమిషమునకు 60 మొదలు 100 పర్యాయములు విద్యుత్ప్రేరణను పుట్టించును. ఆ ప్రేరణ కర్ణికలను ముడిచి, వానికిని జఠరికలకును నడుమనున్న రెండవ కణుపు కడ సెకనులో సుమారు పదవవంతు నిలిచి, పిదప క్రిందికి వ్యాపించును. ఆ విరామమే లేకున్నచో జఠరికలు నిండకమునుపే ముడుచుకొనును.

ఈ విద్యుత్తును చదువ నేర్చుటకు ఎం.బి.బి.ఎస్. ఐదున్నర యేండ్లు, ఎం.డి. మూడేండ్లు, డి.ఎం. మూడేండ్లు గడచిన పిదప, లయకే ప్రత్యేకించిన శిక్షణ మరి ఒకటి రెండేండ్లు కావలెను. మూసుకొనిన నాళమునకు స్టెంటు వేయు వైద్యుని పేరు ఊరూర వినబడును. ఈ శాఖకు వచ్చువారు మాత్రము స్వల్పులు. ఇది నాకు విచారకరముగా తోచును, ఏలయన ఇచ్చట రోగమును అణచుటయే గాక పలుమార్లు సమూలముగ పెరికివేయవచ్చును.

కాథ్ ల్యాబులో జరుగునది చూడదగినది. తొడ మొదటనున్న సిరగుండ సన్నని తీగగొట్టములను గుండెలోనికి పంపి, వైద్యుడు కావలెననియే దడను రగిల్చి, ఏ తీగవద్ద గీత ముందుగ లేచినదో తెరపై మిల్లీసెకన్ల లెక్కన పరిశీలించును. దోషస్థానము తేలిన పిదప రేడియో తరంగములతో కొన్ని మిల్లీమీటర్ల కండరమును కాల్చును. ఎస్.వి.టి. అను సాధారణమైన దడలో ఫలితము నూటికి తొంబదికి మించును. అయితే కాల్చవలసిన చోటు ఆ రెండవ కణుపునకు చేరువనున్నప్పుడు, తీగ కొద్ది మిల్లీమీటర్లు జరిగినను రోగికి జీవితాంతము పేస్‌మేకరు అవసరము కావచ్చును. ఆ నిమిషమున వైద్యుడు ఊపిరి బిగబట్టి పనిచేయును.

ఇంతకన్న మొండిది కర్ణికాకంపనము. కర్ణికలు నిమిషమునకు 350 పర్యాయములకు పైగ వణకుచు నిలువనీటివలె రక్తమును పేరనిచ్చును; గడ్డ మెదడునకు ఎగసినచో పక్షవాతము. 1998లో ఫ్రాన్సు దేశపు బోర్డో నగర వైద్యుడు మిషెల్ హైసగేర్ బృందము, 45 మంది రోగులలో కంపనమును రేపెడి 69 స్థానములలో 65 పుపుససిరలలోనే యున్నవని చూపినది. నాటినుండి ఆ సిరల ముఖములను చుట్టును కాల్చుట చికిత్స యైనది.

ఈ రంగమున పేరెన్నికగన్న తెలుగు వైద్యుడు, అమెరికాలోని కాన్సాస్ సిటీలో పనిచేయు ధనుంజయ లక్కిరెడ్డి. ఆయన బృందము 2013లో ప్రకటించిన అధ్యయనమున, విడతలు విడతలుగ కంపనము వచ్చు 49 మందిని మూడు నెలలు ఊరక గమనించి, పిదప మూడు నెలలు వారమునకు రెండుసార్లు యోగాభ్యాసము చేయించిరి. లక్షణములతో కూడిన విడతలు సగటున 3.8 నుండి 2.1కి తగ్గినవి. వేరుగా పోల్చుటకు మరియొక వర్గము లేదు గనుక దీనిని నిశ్చయసిద్ధాంతమనరాదు. అయినను మందును మానక యోగమును చేర్చుకొనుటకిది మంచి ఆధారము. ఆయనయే నాయకత్వము వహించిన మరియొక పరిశోధన, సిరలను కాల్చుటతోపాటు ఎడమ కర్ణికకు అంటియున్న చిన్న సంచిని దారముతో బిగించినచో మేలు హెచ్చునా యని 610 మందిలో పరీక్షించి, హెచ్చినదని నిరూపింపజాలకపోయినది. ఆశించినది ఫలింపలేదని ప్రకటించిన ఆ పరిశోధనకు, యోగ ఫలితముకన్న ఎక్కువ విలువనే నేనిత్తును.

మన పల్లెలలో కంపనమునకు మరియొక మూలమున్నది: బాల్యమున గొంతునొప్పిని అశ్రద్ధ చేసినందున వచ్చు కీళ్ళవాత జ్వరము, దాని వలన కుంచించుకొనిపోయిన కవాటము. ఇట్టివారికి కొత్త మాత్రలకన్న పాత వార్ఫరినే మేలని 2022లో వెలువడిన బహుదేశీయ పరిశోధన చూపినది. అయితే వార్ఫరిన్ వాడువాడు నెలనెల రక్తపరీక్ష చేయించుకొని మోతాదు సరిచూచుకొనవలెను. మోతాదు తగ్గినచో గడ్డ, హెచ్చినచో రక్తస్రావము. కూలి మానుకొని ఆ పరీక్షకు పోవలసిన మామిడితోట పనివానికి, దాని వసతి తన మండలములోనే యుండవలెను.