సైకిలు పందెములో స్త్రీల వేగము

బడివేళకు పల్నాటి రోడ్లపై సైకిళ్లమీద పోవు బాలికలను చూడనివారుండరు. ఎదురుగాలి వీచినప్పుడు వారు ముందుకు వంగి, పెడళ్లను గట్టిగా తొక్కుదురు. ఒలింపిక్ పందెములలో పాల్గొను స్త్రీలు చేయునదియు ఇదియే. ఇరువురకును ఎదురగు ప్రకృతి నియమములు ఒక్కటే. వానిని ఎదుర్కొనుటకు దేహమునకు కావలసినదేమో తెలిసికొందము.

గాలి, మిట్ట

చదునైన రోడ్డుపై, వేగము హెచ్చినకొలది, సైకిలుకు ముఖ్యమైన ఆటంకము గాలి. వేగము రెండింతలైనచో గాలి నిరోధము నాలుగింతలగును. దానిని జయించుటకు సెకనుకు వెచ్చింపవలసిన శక్తి ఎనిమిదింతలగును. అందుచేతనే పందెములో స్త్రీలు నడుము బాగుగా వంచి తొక్కుదురు. ఒకరి వెనుక నొకరు చేరి పోవుదురు. వెనుకనున్నవారికి శ్రమ సుమారు మూడవవంతు తగ్గును.

మిట్ట ఎక్కునపుడు వేగము తగ్గుటచే గాలి మాట వెనుకబడి, బరువు ముందునకు వచ్చును. కోటప్పకొండ ఘాటురోడ్డు ఎక్కినవారికి ఇది అనుభవమే. నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచు దారిపై, సైకిలుతో కలిపి 65 కిలోగ్రాముల బరువును గంటకు 10 కిలోమీటర్ల వేగమున పైకి చేర్చుటకే 106 వాట్లు కావలెను. కాబట్టి మిట్టదారిలో గెలుపును నిర్ణయించునది కిలోగ్రాము బరువుకు ఎన్ని వాట్లు అను లెక్క.

ఈ లెక్కను చూచి కొందరు తిండి తగ్గింతురు. ఇది ప్రమాదము. చాలినంత ఆహారము లేనిచో ఋతుక్రమము ఆగిపోవచ్చును, ఎముకలు బలహీనపడును, తుదకు వాట్లును తగ్గును.

రక్తము

2024 జులై 27న పారిస్ ఒలింపిక్సులో, ఒక్కొక్కరు ఒంటరిగా బయలుదేరు 32.4 కిలోమీటర్ల పందెము స్త్రీపురుషులకు ఒకే దారిలో జరిగినది. ఆస్ట్రేలియాకు చెందిన గ్రేస్ బ్రౌన్ 39 నిమిషముల 38 సెకనులలోను, బెల్జియముకు చెందిన రెంకో ఎవెనెపూల్ 36 నిమిషముల 12 సెకనులలోను ముగించి స్వర్ణములు గెలిచిరి. ఆమె వేగము అతని వేగముకంటె నూటికి తొమ్మిది వంతులు మాత్రమే తక్కువ.

ఈ భేదమునకు కారణము కండరముల, గుండె పరిమాణము ఒకటి. రక్తములోని హిమోగ్లోబిన్ మరియొకటి. కండరములకు ప్రాణవాయువును మోయునది ఇదియే. స్త్రీలలో ఇది సహజముగా పదవవంతు తక్కువ. దీనికి రక్తహీనత తోడైనచో గుండె ఎంత వేగముగా కొట్టుకొన్నను కండరములకు చాలినంత ప్రాణవాయువు అందదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదని తేలినది. కావున త్వరగా ఆయాసపడు బాలికను "దీనికి ఆటలు చేతకావు" అనుటకు ముందు ఆమెకు రక్తపరీక్ష చేయింపవలెను. సజ్జలు, తోటకూర, పప్పుధాన్యములలో ఇనుము కలదు. నిమ్మ, ఉసిరి దానిని దేహము గ్రహించుటకు తోడ్పడును. అన్నముతోపాటు త్రాగు టీ దానికి అడ్డుపడును.

ఎండ

కండరములు ఖర్చుచేయు శక్తిలో నాలుగవవంతు మాత్రమే పనిగా మారును, తక్కినది వేడియగును. రెంటచింతల ఎండలో ఆ వేడి పోవుటకు చెమటయే దారి. రెండు వారములు క్రమముగా సాధన చేసినచో దేహము ఎండకు అలవాటుపడి, చెమట త్వరగా పట్టును. అయినను వేసవిలో తెల్లవారుజామున తొక్కుటయే మేలు.

అవకాశము

పురుషులకు 1896లోనే ఒలింపిక్ రోడ్డు పందెముండగా, స్త్రీలకది 1984లో, లాస్ ఏంజెలెసులో మాత్రమే లభించినది. నాటి దూరము 79.2 కిలోమీటర్లు, 2024లో 158. దేహము మారలేదు, అవకాశము, సాధన మారినవి. 2021 జులై 25న టోక్యోలో 137 కిలోమీటర్ల పందెమును గెలిచిన ఆస్ట్రియా వనిత ఆన్నా కీసెన్‌హోఫర్ గణితశాస్త్రవేత్త. తన సాధనను తానే లెక్కవేసికొని, మొదటనే గుంపునుండి విడివడి పోయి, రెండవ ఆమెకంటె 75 సెకనులు ముందుగా గమ్యము చేరెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతికి తేవచ్చును. కొద్దిపాటి వాలుపై ఒకే బాలికను తొక్కకుండ సైకిలు దిగనిచ్చి, నిటారుగా కూర్చున్నప్పుడు ఎంత దూరము పోయెనో, వంగినప్పుడు ఎంత దూరము పోయెనో కొలువవలెను. గాలి నిరోధమును గూర్చి పుస్తకములోని పుటకంటె ఆ కొలత ఎక్కువ చెప్పును.