కొండలో కలిసిన దారులు

కొండకు అటునుంచి కొందరు, ఇటునుంచి కొందరు తవ్వుకుంటూ వెళ్తే... మధ్యలో సరిగ్గా కలుస్తారా? స్విట్జర్లాండ్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో గోథార్డ్ రైలు సొరంగాన్ని అలాగే తవ్వారు. పొడవు 15 కిలోమీటర్లు! ఎనిమిదేళ్లలో పూర్తిచేస్తానని లూయీ ఫావ్రే అనే కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. ఆలస్యమైతే జరిమానా తప్పదు. 1872లో ఉత్తరాన గోషెనెన్, దక్షిణాన ఐరోలో దగ్గర పని మొదలైంది.

కూలీల్లో ఎక్కువమంది ఇటలీవాళ్లే. లోపల డైనమైట్ పొగ, 30 డిగ్రీలు దాటిన వేడి, పైనుంచి కారే నీళ్లు. దానికితోడు కొంకిపురుగులు. అవి రక్తం పీల్చేస్తుంటే పాలిపోయి మంచం పట్టేవారు. 1875లో సమ్మెకు దిగితే కాల్పుల్లో నలుగురు చనిపోయారు. సొరంగం పూర్తయ్యేసరికి పోయిన ప్రాణాలు దాదాపు 200!

1879 జులైలో ఫావ్రే కూడా సొరంగంలోనే కుప్పకూలి మరణించాడు. మరో ఏడు నెలలకు, 1880 ఫిబ్రవరి ఆఖర్లో రెండు వైపులవారూ కలుసుకున్నారు. తేడా... పక్కకు 33 సెంటీమీటర్లు, ఎత్తులో 5 మాత్రమే! మధ్యలో పడిన రంధ్రంలోంచి మొదట అవతలికి అందించింది రేకుడబ్బాలో పెట్టిన ఫావ్రే ఫొటోనే.

1882లో రైళ్లు మొదలయ్యాయి. 2016లో అదే పర్వతం కింద 57 కిలోమీటర్ల కొత్త సొరంగం వచ్చినా పాతదాంట్లో రైళ్లు ఆగలేదు. ఐరోలో స్టేషన్ దగ్గర ఓ కంచు శిల్పం కనిపిస్తుంది. చనిపోయిన తోటి కూలీని మోసుకెళ్తున్న కూలీలు... చెక్కింది శిల్పి విన్సెంజో వేలా. వాళ్లలో చాలామంది పేర్లు చరిత్రకెక్కలేదు. రైలు మాత్రం వాళ్లు వేసిన దారిలోనే వెళ్తోంది.