ఫోర్కులు కొనే ముందు వెనక టైర్ల సంగతి చూడండి

వీడియోలో ట్రాక్టర్ ముందు రెండు ఇనుప కొమ్ముల లాంటివి చూసిన్రు కదా, అవే ప్యాలెట్ ఫోర్కులు. గోదాముల్లో ఫోర్క్‌లిఫ్టులకు ఉండేవే. లోడర్ ఉన్న ట్రాక్టరుకు బకెట్ తీసేసి వీటిని తగిలించుకోవచ్చు. కేతేపల్లి చుట్టుపక్కల మూసీ కాల్వల కింద వరి వేసేటోళ్లకు మోత పని తక్కువేం కాదు. గడ్డి కట్టలు, 40 కిలోల వడ్ల బస్తాలు, ఘనజీవామృతం సంచులు, జీవామృతం డ్రమ్ములు. కూలీలు దొరకని రోజు ఇవన్నీ ఇంటోళ్ల నడుముల మీదనే పడతయి. అందుకే ఫోర్కులు కొందామనే ఆలోచన మంచిదే. కానీ కొనబోయి మనం అడిగే మొదటి మాట "ఎంత బరువు లేపుతది?" అని. అడగాల్సింది "ఎంత దూరంలో?" అని.

మనకు తెలిసిన డ్రమ్ముతోనే లెక్క చూద్దాం. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము నిండుగా ఉంటే 220 కిలోలకు తక్కువుండదు. ప్యాలెట్ మీద కొంచెం సర్దితే నాలుగు డ్రమ్ములు పడతయి, చూడటానికీ బాగుంటది. కానీ అది దాదాపు 9 క్వింటాళ్లు. 45 హెచ్‌పీ ట్రాక్టర్ లోడరుతో ఆ పని పెట్టుకోవద్దు. రెండు డ్రమ్ములు, కింద చెక్క ప్యాలెట్ కలిపితే 5 క్వింటాళ్ల దగ్గరికి వస్తది. నా లెక్కలో హద్దు అదే.

ఎందుకంటే, ముందు ఇరుసు ఏతంలో మధ్య దిమ్మె లాంటిది. ట్రాక్టర్ ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం సుమారు 2 మీటర్లు. మన 500 కిలోలు ముందు ఇరుసుకు 1.8 మీటర్ల ముందట కూర్చున్నయి అనుకోండి. అప్పుడు వెనక టైర్ల మీద నుంచి 450 కిలోలు లేచిపోతయి, ముందు ఇరుసు మీద 950 కిలోలు అదనంగా పడతయి. లోడర్ బరువు, ఫోర్కుల ఫ్రేము బరువు ఇందులో కలపనే లేదు. టూ వీల్ డ్రైవ్ బండికి ముందున్న సన్న టైర్లు, బేరింగులు ఈ పని కోసం చేసినవి కావు. ఇంకో సంగతి మనోళ్లు మర్చిపోతరు. బ్రేకులు పట్టేది వెనక చక్రాలనే. వెనక తేలికైతే కాల్వ కట్ట దిగేటప్పుడు బ్రేకు తొక్కినా టైరు జారుతది. బరువుతో ఉన్నప్పుడు దిగుడులో రివర్సులోనే దిగాలె. బరువు కట్ట పై వైపే ఉండాలె.

దీనికి మందు వెనక బరువు. వెనక ఇరుసుకు ఒక మీటరు వెనక 300 కిలోలు తగిలిస్తే, పోయిన 450 కిలోలు వెనక టైర్లకు తిరిగి వస్తయి, ముందు ఇరుసుకు కూడా 150 కిలోలు తగ్గుతయి. పాత డ్రమ్ములో సగం కన్నా కొంచెం ఎక్కువ కాంక్రీటు పోసి, త్రీ పాయింట్ లింకేజీకి సరిపోయేటట్టు పిన్నులు పెట్టించుకుంటే చాలు. రోటవేటర్ ఉన్నోళ్లు అదే తగిలించుకోవచ్చు. నేలను పిండి చేస్తదని మనం దాన్ని తిట్టుకుంటం గానీ, ఇక్కడ మాత్రం ఊరికే వేలాడినా పనికొస్తది.

ఇక ఫోర్కుల సంగతి. బకెట్ అంచుకు బిగించే చవక రకం ఒకటుంది. అది కొనొద్దనే చెప్త. బకెట్ బరువు అట్లనే ఉంటది, పైగా మన సరుకు ఇంకో రెండడుగులు ముందుకు జరుగుతది. పైన లెక్క చూసినంక ఆ రెండడుగులు ఏం చేస్తయో చెప్పక్కర్లేదు. ఫ్రేముకు కొక్కేలతో వేలాడే రకం మేలు. ఒకే ఇనుప కడ్డీని వేడి చేసి వంచినవి తీసుకోవాలె. మడమ దగ్గర రెండు ప్లేట్లు పెట్టి వెల్డింగ్ చేసినవి విరిగితే అక్కడనే విరుగుతయి, అదీ బరువు పైన ఉన్నప్పుడే. మంచి ఫోర్కు పక్కన ఎంత బరువు, ఎంత దూరంలో అని రెండు అంకెలు గుద్ది ఉంటయి. ఆ దూరం సాధారణంగా 500 మిల్లీమీటర్లు. తుక్కు బజారులో పాత ఫోర్క్‌లిఫ్టువి తీసుకుంటే మడమ మందం కొలవండి. నిలువు భాగం మందం కన్నా పదో వంతు అరిగి ఉంటే వదిలేయండి. కొక్కేల కొలత కూడా చూసుకోండి. 1000 నుంచి 2500 కిలోల వాటికి, అంటే క్లాస్ 2కు, ఫ్రేము ఎత్తు 407 మిల్లీమీటర్లు ఉండాలె. పొడవు మూడున్నర అడుగులు మించొద్దు. పొడవు ఎక్కువుంటే సరుకు చివరకు పెట్టబుద్ధి అయితది.

అసలు లోడరే లేనోళ్లు ఫోర్కుల కోసం లోడర్ కొంటరా? ఐదారు ఎకరాలకు అయితే నేను వద్దంట. వెనక త్రీ పాయింటుకు తగిలించే ఫోర్కులు దొరుకుతయి, వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు కూడా. బరువు పెద్ద టైర్ల మీద పడుతది. ట్రాలీ ఎత్తుకు లేపలేవు, అది నిజమే. కానీ కొట్టం కాడి డ్రమ్ము మడి గట్టు కాడికి చేరడానికి అంత ఎత్తు ఎందుకు? ముందు టైర్లు తేలికైతయి కాబట్టి అక్కడ మాత్రం బంపరు బరువులు వేసుకోవాలె.

65వ నంబరు జాతీయ రహదారి దాటి పొలానికి పోయేటోళ్లు ఫోర్కులు విప్పి పోవాలె, లేదా పైకి మడిచి గొలుసు కట్టాలె. చీకట్లో ఎదురొచ్చే బైకు మనిషికి ఆ కొనలు కనబడవు.

తెచ్చిన మొదటి రోజు జీవామృతంతో కాదు, ఒక్క నీళ్ల డ్రమ్ముతో చూడండి. తాడుతో ఫ్రేముకు కట్టి, జానెడు ఎత్తుకు లేపి, చదును నేల మీద మెల్లగ పది గజాలు పోయి ఆగండి. కింద ఎవ్వరినీ, ముఖ్యంగా పిల్లలను, దగ్గరికి రానీయొద్దు. ఒక మనిషిని దూరంగా పక్కన నిలబెట్టి వెనక టైరునే చూడమనండి. టైరు గుర్తు మట్టిలో మామూలుగా పడుతుందంటే, అప్పుడు రెండో డ్రమ్ము.